మూడో కొబ్బరికాయ

కామాటిపురలో వరుస గదుల మా చాల్ వెనక అందరికీ కలిపి ఉన్న మరుగుదొడ్డి, మా మాటలో సండాసు, తిరగకట్టడానికి నాకు తెలిసి మూడుసార్లు శంకుస్థాపన జరిగింది. మూడుసార్లూ అదే నగరసేవకుడు, అదే మూల, అదే బ్యాండు మేళం. కాయ మాత్రం ప్రతిసారీ కొత్తదే తెచ్చేవారు, ఆ మాట ఒప్పుకోవాలి. ఎన్నికలు దగ్గర పడగానే మా వార్డు నుంచి కార్పొరేషన్‌కు గెలిచే ఆ నగరసేవకుడు వచ్చి కాయ కొట్టి, ఫోటో దిగి, ముక్కలు పంచి వెళ్లిపోయేవాడు. మేము ఆ కొబ్బరితో పచ్చడి చేసుకొని ఆయనకే ఓటేసేవాళ్లం. బొంబాయిలో సగం మేడలకు తట్టలు మోసింది మా తాతముత్తాతలేనని మా పెద్దలు గొప్పగా చెప్పుకునేవారు. అంత ఊరు కట్టినవాళ్లకు ఒక్క సండాసు బాగుచేయించుకోవడం చేతకాలేదు.

ఆడవాళ్ల వైపు రెండు గదులు. ఒకదానికి తలుపే లేదు. రెండోదానికి తలుపుంది, గొళ్ళెం లేదు. అందుకని మేము జంటలుగా పోయేవాళ్లం, ఒకరు లోపల, ఒకరు బయట తలుపు పట్టుకొని. పెళ్లి సంబంధాలకన్నా ఈ జంటలు కుదరడమే మా చాల్‌లో కష్టం. నా జంట మా అవ్వ, అంటే మా నాయనను కన్న తల్లి. నాయన ఆమెను అవ్వా అని పిలుస్తాడు కాబట్టి నేనూ అలాగే పిలిచేదాన్ని. పాలమూరు నుంచి పెళ్లికూతురుగా వచ్చి, ముప్పై ఏళ్లకు పైగా ఇటుకలు మోసిన మనిషి. రోజూ పొద్దున్నే తట్ట పట్టుకొని నాకాకు పోయి నిలబడేది. నాకా అంటే కూలి కోసం జనం నిలబడే నాలుగు రోడ్ల మూల. మేస్త్రి వచ్చి పిలిస్తే పని, లేకుంటే తిరిగి ఇంటికి.

మా నాయనది వేరే దారి. గ్రాంట్ రోడ్డు దగ్గర ఒక ప్రెస్సులో అచ్చు అక్షరాలు కూర్చేవాడు. ఆయనకు ప్రజాస్వామ్యం అంటే అర్జీ. అందమైన మరాఠీలో సండాసు గురించి అర్జీ రాసి, వార్డు ఆఫీసులో ఇచ్చి, నకలు మీద 'అందినది' అనే ముద్ర వేయించుకొని వచ్చేవాడు. ఆ ముద్ర పడిన రోజు ఇంట్లో ఆయన నడకే వేరు. నకళ్లన్నీ ఒక ఫైలులో పెట్టి, ఆ ఫైలును రేకుపెట్టెలో దాచి, పెట్టెకు తాళం వేసేవాడు. సండాసుకు గొళ్ళెం లేదు గాని, దాని అర్జీలకు తాళం ఉండేది.

మూడో కాయ కొట్టి, నగరసేవకుడు మళ్లీ గెలిచి, ఆరు నెలలు గడిచాక ఇది జరిగింది. నాకు పరీక్ష ఉండి తొందరగా బడికి పోయిన ఒక పొద్దున అవ్వ ఒంటరిగా పోయింది. ఎవడో తలుపు లాగాడు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. పగలంతా నీళ్లు తాగడం మాత్రం మానేసింది. ఎండలో ఇటుకలు మోస్తూ, చుక్క నీళ్లు లేకుండా వారాల కొద్దీ గడిపింది. చివరికి ఒంటికి పోతే మంట, దాని వెంట జ్వరం. డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. నీళ్లు బాగా తాగాలి, లేకుంటే కిడ్నీలు దక్కవని ఆయన కసిరాడు.

"తాగుమంటడు. తాగినంక యాడికి పోవాలెనో గది గూడ రాసియ్యమను," అంది అవ్వ. దారిలో అసలు సంగతి చెప్పింది. ఆ రోజు నేను పరీక్ష రాసినందుకు నామీద నాకే అసహ్యం వేసింది. ఆ పరీక్షలో మంచి మార్కులు వచ్చాయి కూడా. పౌరశాస్త్రం.

జ్వరం తగ్గాక ఒక పొద్దున అవ్వ తట్ట తీసుకొని, తల మీద చుట్టబట్ట పెట్టుకొని నన్ను రమ్మంది. నాకా వైపు కాకుండా నగరసేవకుడి ఆఫీసు వైపు నడిచింది. ఎందుకని అడిగితే నాకు బుర్ర లేదన్నట్టు చూసింది. మా వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. పని మొదట కాయ ఎవరు కొడితే ఆ పనికి వాళ్లే పెద్ద. గోడ నడుమెత్తు లేచేదాకా రోజూ పొద్దున వచ్చి ఇయ్యాల ఈ పని అని కూలీలకు చెప్పాలి. పని లేని రోజు పని లేదని అందరి ముందూ నోరు విప్పి చెప్పాలి. కాయ కొట్టి మొహం చాటేసినవాడి కింద మళ్లీ ఎవరూ తట్ట పట్టరు.

"అవ్వా, గది ఫోటో కోసం కొట్టిన కాయనే," అని నాయన అంతకు ముందే ఎన్నోసార్లు నవ్వాడు.

"ఫోటో కోసం కొడితే పలగదా?" అని అడిగేది అవ్వ.

ఆఫీసు తెరిచేసరికి మేమిద్దరం మెట్ల దగ్గర కూర్చొని ఉన్నాం. ఆయన మరాఠీ, అవ్వ తెలుగు, మధ్య నేను. ఏం కావాలమ్మా అని ఆయన అడిగాడు.

"హాజరీకి వచ్చినం సాబ్. ఇయ్యాల పనేంది?"

ఆయన నవ్వాడు. బడ్జెట్ రావాలి, ఇంజనీరు చూడాలి, కమిటీ ఒప్పుకోవాలి అని చెప్పాడు. అవ్వ శ్రద్ధగా విని, సిమెంటు ఇంకా రాలేదని అర్థం చేసుకుంది.

"సిమెంట్ రాకుంటె ఏమాయె. పాత గోడ పలగ్గొడుతం. లేకుంటె ఇటుకలు తడుపుతం. పని చెప్పు సాబ్."

మర్నాడు మరో ఐదుగురు వచ్చారు. నాకాలో పని దొరకనివాళ్లు ఎలాగూ ఖాళీనే కదా. వారం తిరిగేసరికి చాల్‌లోని ఆడవాళ్లలో సగం మంది తట్టలు బోర్లించుకొని ఆ మెట్ల మీద కూర్చునేవాళ్లు. అప్పట్లో బొంబాయిలో రోజూ ఏదో ఒక మోర్చా. కాని మా వాళ్లు నినాదం ఇవ్వలేదు, జెండా పట్టలేదు. తాము చేసేది ఉద్యమమని వాళ్లకు తెలిస్తే భయపడి ఇంటికి పోయేవాళ్లు. ఒక హవల్దారు వచ్చి, మోర్చాకు పర్మిషన్ ఉందా అని గద్దించాడు.

"కూలికి పర్మిషన్ ఏంది అన్నా? మేస్త్రి లోపలున్నడు, అడుగు," అంది అవ్వ. హవల్దారు లోపలికి పోయి వచ్చి, లాఠీ చంకలో పెట్టుకొని టీ తాగడానికి పోయాడు.

ఈ హాజరీ మా నాయనకు తలవంపులుగా ఉండేది. అర్జీలు రాసే ఇంటి నుంచి తట్టలు పోతున్నాయి. అవ్వతో మాట్లాడటం మానేశాడు. అవ్వకు మళ్లీ జ్వరం తగిలి, అయినా తట్ట తీస్తుంటే, "నీకు చావాలని ఉందా?" అని అరిచాడు.

"బతకాలనే పోతున్న కొడుకా," అంది ఆమె.

నాయన ఆ రోజు ప్రెస్సుకు పోలేదు. పెట్టె తాళం తీసి, ఫైలు చంకలో పెట్టుకొని మా వెనకే వచ్చాడు.

ఆ రోజు ఆఫీసులో పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. అవ్వ నిలబడలేక తలుపుకు ఆనుకుంది. "పని లేదని నలుగురి ముందర చెప్పు సాబ్. చెప్తే పోతం, మల్ల రాం," అంది. నేను ఎప్పుడూ ఆమె మాటలో పదును కాస్త తగ్గించి మరాఠీలో చెప్పేదాన్ని. ఆ రోజు తగ్గించలేదు. ఆయన చూపు గోడ మీదికి పోయింది. సండాసు పని జోరుగా సాగుతోందని ఆయన వేయించిన కరపత్రం గోడకే అంటించి ఉంది. నాయన ఫైలు బల్ల మీద పెట్టి, ముద్రలున్న కాగితాలు ఒక్కొక్కటే తిప్పాడు. జీవితంలో మొదటిసారి ఆయన అర్జీలను ఎవరైనా చదవాల్సి వచ్చింది. చివరి దాని మీద పని మొదలయ్యే తేదీ నగరసేవకుడే తన చేత్తో రాసి సంతకం పెట్టాడు. నాయన దాని మీద ముద్ర కూడా అడిగాడు.

ఆ తేదీకి కంట్రాక్టరు నిజంగానే వచ్చాడు. అవ్వ దారానికి గుండు కట్టి గోడలన్నీ చూసింది, ఒక గోడ వంకరగా ఉందని కూలగొట్టించింది. అంతా అయ్యాక చూస్తే తలుపులకు గొళ్ళేలు లేవు. ప్లానులో లేవన్నాడు ఇంజనీరు. గొళ్ళెం ఎంతలే, మనమే కొని పెట్టుకుందాం అన్నారు ఇరుగుపొరుగు.

"ఇయ్యాల గొళ్ళెం మనం వెడితే, రేపు గోడ గూడ మనమే కట్టుకుంటం," అని అవ్వ మర్నాడు మళ్లీ తట్ట తీసింది. మెట్లదాకా పోనక్కరలేకపోయింది. తట్ట వీధిలోకి వచ్చిన కబురు అందగానే గొళ్ళేలు వచ్చేశాయి.

ప్రారంభానికి నగరసేవకుడు, బ్యాండు, నాలుగో కాయ వచ్చాయి. గోడకు ఆయన పేరుతో పాలరాతి పలక. ఆయన అవిశ్రాంత కృషి వల్ల ఇది సాధ్యమైందని చెక్కారు. అవిశ్రాంతం అనేది మాత్రం నిజం, ఆయనను ఒక్క పొద్దున కూడా మేము విశ్రాంతి తీసుకోనివ్వలేదు. ఆయన కాయ ఎత్తేలోగా, అవ్వ చెంబెడు నీళ్లు గటగటా తాగి, ఇంకో చెంబు పట్టుకొని అందరి ముందూ లోపలికి పోయింది. బ్యాండు ఆగిపోయింది. ఆయన కాయ పట్టుకొని అలాగే నిలబడ్డాడు. చాలాసేపు గడిచింది.

అప్పుడు లోపలి నుంచి అవ్వ గొంతు వినిపించింది.

"తలుపు ఇడువు బిడ్డా. గొళ్ళెం వెట్టుకున్న."

చూసుకుంటే నా రెండు చేతులూ తలుపును గట్టిగా పట్టుకొని ఉన్నాయి.