అది కోపం కాదు, గడ్డ

ఆ రోజు మా ఆయన అంజయ్య తను బాగుచేసిన మోటరును తనే పగలగొట్టాడు.

మోత్కూర్‌లో మాది మోటర్ వైండింగ్ షాపు. బోరు మోటర్లు కాలిపోతే రైతులు తెచ్చి పడేస్తారు. ఆయన మాడిన తీగ ఊడదీసి, కొత్త రాగి తీగ చుట్టి ఇస్తాడు. నేను అంగన్‌వాడీలో టీచర్ని. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన గొంతు పెంచడం నేను వినలేదు. బేరం ఆడటం కూడా రాని మనిషి.

మధ్యాహ్నం అన్నం గిన్నె తీసుకుని షాపుకు వెళ్ళేసరికి ఒక రైతు తన మోటరు కోసం నిలబడి ఉన్నాడు. ఇంకెంతసేపు అని అడిగాడు, అంతే. మా ఆయన లేచాడు. సుత్తి అందుకుని, అప్పుడే చుట్టడం పూర్తయిన కాయిల్ మీద కొట్టాడు. తీగలు తెగి పేగుల్లా బయటికి వచ్చేదాకా కొడుతూనే ఉన్నాడు. తర్వాత సుత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, నా దగ్గరి గిన్నె తీసుకుని అన్నం తిన్నాడు. పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు. ఆ రైతు నోరు తెరుచుకుని నా వైపు చూశాడు.

అప్పటినుంచి ఇల్లు ఇల్లులా లేదు. చిన్న చిన్నవి ముందే కనిపించాయి గానీ వాటిని ఒకదానితో ఒకటి కలిపి చూడటం మాకు తెలియలేదు. నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు జారిపోయేది. జారినట్టు ఆయనకు తెలిసేది కాదు. పక్కింటి ముసలాయన దినానికి వెళ్ళి, అందరూ ఏడుస్తున్నచోట పెద్దగా నవ్వాడు. బజార్లో జనం ముందే గోడ వైపు తిరిగి మూత్రం పోశాడు. ఊళ్ళో అందరూ తాగుడు మొదలుపెట్టాడన్నారు. మందు వాసన లేదని నేనంటే ఎవరూ నమ్మలేదు. మా దగ్గరి డాక్టరు నిద్ర తక్కువైందని గోళీలు రాసిచ్చాడు.

మా పాప శ్రావణి అప్పుడు నాలుగో తరగతి. ఒకరోజు అది హోంవర్కు గట్టిగా చదువుతోంది. ఆయన లేచి పుస్తకం లాక్కుని నేలకేసి కొట్టాడు. పాప ఏడ్చింది. ఏడుపు వినగానే దాని మీదికి వెళ్ళాడు. నేను మధ్యలో నిలబడ్డాను. కాయిల్ సర్దడానికి వాడే కొయ్య సుత్తి, షాపు నుంచి ఇంటికి తెచ్చుకున్నది, ఆయన చేతిలో ఉంది. అది నా మెడ పక్కన, భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. రెండో దెబ్బ గోడకు తగిలి సున్నం రాలింది. పాప బియ్యం బస్తాల వెనక దూరింది. ఆయన కళ్ళలో కోపం కూడా లేదు. ఇప్పటికీ నాకు భయమేసేది అదే. మోటరును చూసినట్టే నన్ను చూశాడు.

ఎముకల డాక్టరు దగ్గర నేను నొప్పితో మాట్లాడలేకపోయాను. మా అత్తమ్మ ముందుకు వచ్చి, మెట్టు మీంచి జారిందని చెప్పింది. కొడుకు పరువే ఆమెకు ముఖ్యం. డాక్టరు ఇంకేమీ అడగలేదు.

కబురు తెలిసి మా తమ్ముడు లింగస్వామి ఆలేరు నుంచి ఇద్దరు స్నేహితులతో వచ్చాడు. నా భుజానికి కట్టు చూశాడు. షాపుకు వెళ్ళి బావను కాలరు పట్టి బయటికి ఈడ్చాడు. నడి బజార్లో ముగ్గురూ కలిసి కొట్టారు. మొహం మీద, పొట్టలో, కింద పడ్డాక నడుము మీద. మోటర్లు దించే మోకుతో కరెంటు స్తంభానికి కట్టేశారు. నేను ఒక చేత్తోనే అడ్డం వెళ్ళాను. నన్ను పక్కకు నెట్టేశారు.

"చెప్పు బావ, మా అక్క భుజమెందుకు ఇరగ్గొట్టినవ్?" అని తమ్ముడు అడుగుతూనే ఉన్నాడు.

ఆయన తల ముందుకు వాలింది. పెదవి చిట్లి రక్తం కారుతోంది. అప్పుడు ఎడమ చెయ్యి ఒక్కటే కొట్టుకోవడం మొదలైంది. తర్వాత ఎడమ చెంప, కాలు, ఆపైన ఒళ్ళంతా. మోకు బిగిసి స్తంభం అదిరింది. నోట్లోంచి రక్తం కలిసిన నురగ వచ్చింది. నాటకమాడుతున్నాడని ఎవరో అన్నారు. నేను అరిచి మోకు విప్పించేసరికి ఆయన బట్టలు తడిసిపోయాయి. 108 కి ఫోన్ చేసింది మా తమ్ముడే.

మా మోత్కూర్ కొత్త జిల్లాలోకి పోయినా, పెద్ద కష్టమంటే మా వాళ్ళకు ఇంకా నల్గొండే గుర్తుకొస్తుంది. అక్కడి దవాఖానలో డాక్టరు ఆ గాయాలు చూసి ముందు అడిగింది, ఎవరు కొట్టారని. తలలో రక్తం గడ్డకట్టిందేమో చూడాలని సీటీ స్కాన్‌కు పంపాడు. అంటే ఆ స్కాన్ తీసింది దెబ్బల కోసం. దెబ్బల వల్ల లోపల ఏమీ కాలేదు. కానీ కుడి వైపు, నుదురు వెనక, నిమ్మకాయంత గడ్డ బయటపడింది.

తమ్ముడు ముందుకు వచ్చాడు. "నా దెబ్బలకే అయ్యిందా సార్?"

"నీ దెబ్బలకు కాదు. ఇది నెలల నుంచి పెరుగుతున్నది. ఈయన ఈ మధ్య ఇంట్లో ఎట్లుంటున్నడు? ఎవరన్నా నిజం చెప్తరా?"

అత్తమ్మ తల వంచుకుంది. నేను నా భుజం చూపించాను.

హైదరాబాదుకు పంపారు. ఎమ్మారై చూసిన న్యూరోసర్జన్ కంప్యూటర్ తెర మీద తెల్లగా అంచు కట్టిన గడ్డను మాకు చూపించి, హై గ్రేడ్ గ్లయోమాలా, అంటే మెదడులోనే పుట్టి వేగంగా పెరిగే క్యాన్సర్ గడ్డలా ఉందన్నాడు. మనిషి కోపాన్నీ సిగ్గునూ పట్టి ఉంచే భాగాన్ని ఫ్రంటల్ లోబ్ అంటారని, గడ్డ సరిగ్గా అక్కడే కూర్చుందని చెప్పాడు. "మీ ఆయన మారలేదమ్మా. ఆయన్ని ఆపే బ్రేకు పోయింది," అన్నాడు.

ఆ మాట విని నాకు ఊరట కలగలేదు. నా ఎముక విరిచింది ఆ చెయ్యే కదా.

మర్నాడు ఒక డాక్టరమ్మ వచ్చి మా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. అక్కడ ఒక పరిశోధన జరుగుతోంది. స్కాన్‌లో అంచు కనబడ్డా ఈ రకం గడ్డకు నిజంగా అంచు ఉండదని, నేల మీద నూనె ఒలికితే ఎక్కడిదాకా ఇంకిందో కంటికి తెలియనట్టే సర్జన్‌కు కూడా తెలియదని ఆమె చెప్పింది. ఆపరేషన్‌కు కొన్ని గంటల ముందు ఒక మందు తాగిస్తే, నీలి లైటు వేసినప్పుడు గడ్డ గులాబీ రంగులో మెరుస్తుంది. మెరిసింది తీసేయొచ్చు. అలా చేస్తే రోగులకు నిజంగా మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా అన్నది ఇక్కడి రోగుల్లో చూస్తున్నారు. కొందరికి ఆ మందుతో, కొందరికి మామూలు లైటుతో చేస్తారు. ఎవరికి ఏదన్నది కంప్యూటర్ నిర్ణయిస్తుంది. డాక్టరు చేతిలో లేదు, మా చేతిలో లేదు.

"అంటే మా బావ మీద నేర్చుకుంటరా?" అని తమ్ముడు అడిగాడు.

"కొంత నేర్చుకుంటాం. కాదంటే అబద్ధం చెప్పినట్టే. మీరు వద్దంటే మామూలు పద్ధతిలో ఆపరేషన్ చేస్తాం. ఎవరూ ఏమీ అనుకోరు."

నేను అడిగింది ఒక్కటే. గడ్డ ఎక్కువ తీస్తే మనిషి కూడా ఎక్కువ పోతాడా అని. డాక్టరమ్మ తాము తెలుసుకోవాలనుకుంటున్నది అదేనని, ఎడమ చెయ్యీ కాలూ పడిపోయే ప్రమాదం ఉందని చెప్పింది.

వాపు తగ్గే ఇంజెక్షన్లు పడ్డాక ఆయనకు తెలివి తేటపడింది. నా భుజం కట్టు వైపు చాలాసేపు చూశాడు.

"ఇది నేనే చేసిన్నా?"

అవునన్నాను. దాచాలనిపించలేదు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేను పరిశోధన సంగతి అంతా చెప్పాను. డాక్టరమ్మ మళ్ళీ వచ్చి ఆయనకే విడిగా చెప్పి, అర్థమైంది తిరిగి చెప్పించుకుంది.

"దొరికినంత తియ్యమను పద్మ. చెయ్యి పోతే పోనీ," అన్నాడు. వైండింగ్ పని రెండు చేతుల పని. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

పరిశోధనకు ఒప్పుకుని సంతకం పెట్టాడు. కంప్యూటర్ ఎంపికలో ఆయనకు మందు వచ్చింది. తాగాక ఎండ, పెద్ద లైట్లు తగిలితే ఒళ్ళు కాలుతుందని పరదాలు మూసేసి మసక గదిలో ఉంచారు. ఆ గదిలో ఆయనకు మళ్ళీ తిరగబడింది. తనను చీకట్లో పెట్టి చంపుతున్నారని మంచం దిగి పరదా చింపబోయాడు. అడ్డం వచ్చిన నర్సును తోశాడు. లింగస్వామి వెనక నుంచి నడుం పట్టుకున్నాడు. ఆయన మా తమ్ముడి ముంజేతిని కొరికాడు. పళ్ళు కండలో దిగాయి. నేల మీద రక్తం చుక్కలు పడ్డాయి. తమ్ముడు తిరిగి కొట్టలేదు, పట్టు వదల్లేదు. "కొరుకు బావ, ఏం గాదు. పండుకో బావ," అంటూ స్ట్రెచర్ వచ్చేదాకా అలాగే పట్టుకుని ఉన్నాడు.

పొద్దున తీసుకెళ్ళిన మనిషిని సాయంత్రానికి ఐసీయూలో చూపించారు. గుండు మీద చెవి నుంచి చెవి దాకా స్టేపుల్స్. సర్జన్ బయటికి వచ్చి మాస్కు దించుకున్నాడు. గడ్డ బాగా మెరిసిందని, మామూలు లైటులో మంచి మెదడులా కనబడ్డ చోట కూడా నీలి లైటులో మెరిసిందని, తీసేశామని చెప్పాడు. ఆపైన, "చివర్లో కొంచెం మెరుస్తూనే ఉంది. కానీ అక్కడ సన్నగా కరెంటు పెట్టి చూస్తే ఎడమ చెయ్యి కదిలింది, చెయ్యిని నడిపే చోటది. ఆపేశాను," అన్నాడు. సర్జన్ కావాలనుకుంటే ఇంకా తీయొచ్చు. తీయలేదు. అది మేలో కీడో నాకు ఇప్పటికీ తెలియదు.

బయాప్సీలో గ్లయోబ్లాస్టోమా, గ్రేడ్ ఫోర్ అని, మెదడు క్యాన్సర్లలో బాగా మొండిదని వచ్చింది. మళ్ళీ వస్తుందని, ఎప్పుడో చెప్పలేనని సర్జన్ మొహం మీదే చెప్పాడు.

ఇంటికి తెచ్చాం. ఎడమ చెయ్యి లేస్తుంది గానీ వేళ్ళు సరిగా ముడుచుకోవు. మొదటి రోజుల్లో పాత అంజయ్యే. పాపను పేరు పెట్టి పిలిచాడు. తర్వాత ఆయనకు నిద్ర లేకుండా పోయింది, ఆకలి విపరీతమైంది. ఒక పొద్దున ఇడ్లీ ఆలస్యమైందని పళ్ళెం నా మొహాన విసిరి, మంచి చేత్తో నా గొంతు పట్టుకున్నాడు. నా కళ్ళ ముందు నల్లగా అయింది. సాయానికి మా ఇంట్లోనే ఉంటున్న తమ్ముడు వచ్చి వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు.

పళ్ళెం దెబ్బకంటే నా బుర్రలో వచ్చిన ఆలోచన ఎక్కువ బాధపెట్టింది. గడ్డ తీసేశారు. మరి ఇప్పుడు కొడుతున్నదెవరు? ఈయన మొదటి నుంచీ ఇంతేనా? నలిగిన గొంతుతోనే డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ముందు పాపను తీసుకుని పక్కింటికి వెళ్ళిపొమ్మంది. తర్వాత ఏ గోళీ ఎంత వేస్తున్నామో చదవమంది. వాపుకు ఇచ్చే డెక్సా అనే స్టెరాయిడ్ గోళీ కొందరికి ఇలా కోపం తెస్తుందట. సొంతంగా ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పని చెప్పి వెంటనే రమ్మంది. దవాఖానలో ఉంచుకుని డోసు మెల్లగా తగ్గించారు. తగ్గుతున్నకొద్దీ మనిషి చల్లబడ్డాడు.

రేడియేషన్ కోసం దవాఖాన దగ్గరే గది కిరాయికి తీసుకున్నాం. మొహానికి జాలీ మాస్కు వేసి బల్లకు బిగించేవాళ్ళు. బయటికి వచ్చాక చెంపల మీద గళ్ళ అచ్చు ఉండేది. క్యాన్సర్‌కు ఇచ్చే టెమోజోలమైడ్ గోళీలకు కడుపులో ఉన్నదంతా కక్కేవాడు. కిరణాలు తగిలినచోట జుట్టు ఊడింది, మళ్ళీ రాలేదు.

ఆపరేషన్ తర్వాత ఇది రెండో ఎండాకాలం. పొద్దున నేను అంగన్‌వాడీకి పోతాను, సాయంత్రం షాపులో కూర్చుంటాను. ఆయన కుడి చేత్తో తీగ చుడతాడు, నేను కాయిల్ కదలకుండా పట్టుకుంటాను. మునుపు రోజులో అయ్యే మోటరు ఇప్పుడు మూడు నాలుగు రోజులు పడుతుంది. అత్తమ్మ టీ తెచ్చి ఇస్తుంది. లింగస్వామి ముంజేతి మీద పళ్ళ గాట్లు తెల్లగా మిగిలాయి. శ్రావణి బాపుతో మాట్లాడుతుంది, లెక్కలు అడుగుతుంది. కానీ ఆయన చెయ్యి అందేంత దగ్గర కూర్చోదు. ఆయన అది గమనించాడు. రమ్మని ఎప్పుడూ పిలవలేదు. దానికి ఎంత కాలం కావాలో అంత కాలం తీసుకోనీ అంటాడు.

మొన్నటి ఎమ్మారైలో, సర్జన్ ఆపిన చోట, చిన్న నీడ కనిపించింది. గమనిస్తున్నామన్నారు. పరిశోధన ఇంకా నడుస్తూనే ఉంది. నీలి లైటు మేలు చేసిందా లేదా అన్న జవాబు ఇంకా రాలేదు. మా ఆయనకు ఇన్ని రోజులు దొరకడం దాని వల్లేనా అని అడిగితే, ఒక్కరిని చూసి చెప్పలేమని డాక్టరమ్మ నిజాయితీగా చెప్పింది. గడ్డ మళ్ళీ పెరిగితే ఏం చేయాలో ఆయనే తేల్చాడు. మొదట పాపను ఆలేరు పంపాలి, ఆ తర్వాతే తనను దవాఖానకు తీసుకుపోవాలి. షాపులో సుత్తులన్నీ పెట్టెలో పెట్టి తాళం నా కొంగుకు కట్టాడు.

చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే, ఇది రాయమన్నది కూడా ఆయనే. నెమ్మదైన మనిషి ఉన్నట్టుండి చెయ్యెత్తితే ముందు మీరూ పిల్లలూ ఆయనకు దూరంగా వెళ్ళండి. తర్వాత దవాఖానకు తీసుకుపోయి, కొట్టిన మాట దాచకుండా డాక్టరుకు చెప్పండి. ఎట్లా చెప్పాలో తెలియకపోతే ఈ మాటలే అనండి: "మా మనిషి మారిండు సార్. మునుపు గిట్ల లేకుండె. ఇప్పుడు కొడుతుండు. ఒక్కసారి తల స్కాన్ తీయించి చూడుండ్రి."