ఏసుపాదం వంతు

1995లో ఆత్మకూరు బస్టాండు దగ్గర నాకు పాత పుస్తకాల కొట్టు ఉండేది. బడి పుస్తకాలు బతుకుతెరువు కోసం, అమెరికా వీరుల కామిక్స్ నా కోసం. నేను వెదికేది ‘ఫస్ట్ అప్పియరెన్స్’, అంటే ఒక వీరుడు మొట్టమొదటిసారి కనబడిన సంచిక. దాన్ని గుర్తుపట్టడం నాకెవరూ నేర్పలేదు. మొదటి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో నంబరు, నెల ఉంటాయి. వాటితో వరసలు కట్టుకుంటూ నేర్చుకున్నాను. ఆ సంగతి మాట్లాడుకోవడానికి మా ఊళ్ళో ఒక్కరూ లేరు.

ఉదయగిరిలో రత్నం అనే మాజీ కాంపౌండరు దగ్గర అలాంటిదొకటి ఉందని కొట్టుకొచ్చిన ఒకాయన చెప్పగా వెళ్ళాను. భార్య పోయాక రత్నం ఒక్కడే ఉంటున్నాడు. ట్రంకుపెట్టెలోంచి పుస్తకం తీసి నా చేతికిచ్చాడు. నంబరు చూశాను, పేజీలు లెక్కపెట్టాను, మధ్య పిన్నులు చూశాను. నేను ఏళ్ళ తరబడి వెదుకుతున్న పసుపు ముసుగు వీరుడి తొలి సంచిక అదే. అట్ట మీద ఆకాశం బొమ్మలో మాత్రం పెన్సిలుతో తొమ్మిది పేర్లున్నాయి. ఏడు కొట్టేసి ఉన్నాయి.

“ఏందన్నా ఇవి?”

“మిషన్ హాస్టల్లో మా వంతులు. హాస్టల్ దొరసానమ్మకు అమెరికా నుంచి పార్సిల్లో వచ్చినాది ఈ పుస్తకం. చదివినోడు వాడి పేరు కొట్టేసి, కిందోడికి ఇయ్యాల. ఎనిమిదోది ఏసుపాదం. కడాకు నేను.”

ఏసుపాదం తన వంతు రాకముందే హాస్టల్ నుంచి పారిపోయి లారీ ఎక్కాడట. మర్రిపాడు వైపు చూశామన్నవాళ్ళే గాని తీసుకొచ్చినవాళ్ళు లేరు.

“అయితే ఇన్నేళ్ళూ నువ్వు చదవలేదా?”

“చదవకేం! కంఠతా వచ్చు. వాడిది కొట్టకుండా నాది ఎట్టా కొట్టేది?”

“పెన్సిలే గదా అన్నా, అట్ట చెడకుండా రబ్బరుతో తుడిచేస్తా. నాకియ్యి, ప్రాణంగా చూసుకుంటా.”

రత్నం పుస్తకం వెనక్కి లాక్కున్నాడు. “వాడు ఉండాడని చెప్పేది నాకాడ ఇదొక్కటే తమ్ముడూ.”

ఇంక అడగలేదు. నేను లేవబోతుంటే కూర్చోబెట్టి, కథంతా తెలుగులో చదివి వినిపించాడు. దుష్టుడి మాటలకు తను పనిచేసిన ఆస్పత్రిలోని పాత డాక్టరు గొంతు పెట్టాడు. విని నవ్వేవాళ్ళు లేక ఎన్నాళ్ళయిందో, బొమ్మ బొమ్మకూ ఆగి నా మొహం చూసేవాడు.

వచ్చేటప్పుడు వాకిట్లో నిలబడి, “మళ్ళా ఎప్పుడొస్తావు?” అన్నాడు. ఆ ఇంట్లో నేను కొనగలిగేది ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు.

“ఆదివారం.”

“ఆదివారం గుళ్ళో ఉంటా. సోమారం రా.”

సోమవారం కొట్టు మూసి వెళ్ళాను. అప్పటినుంచి పాత పుస్తకం మీద పేర్లు కనబడితే రబ్బరు తీయను. ఎవరివని అడుగుతాను. చాలాసార్లు చెప్పేవాళ్ళు ఉండరు.