ఓటు అడగడం నేర్చుకున్న మా స్నేహితుడు

మొన్న ఈ ద్వీపదేశంలో క్లెమెంటి స్టేషనులో రైలు దిగి నడుస్తుంటే, ఒకప్పుడు మేము అద్దెకున్న బ్లాకు ముందు దీపస్తంభాలకి ఎన్నికల పోస్టర్లు కడుతున్నారు. వాటిని చూడగానే, కంప్యూటర్లలో వైటూకే తేదీలు సరిచేసే పనులకని కంపెనీలు మనవాళ్ళని విమానాల నిండా దింపుకుంటున్న ఆ రోజులూ, ఆఫీసులో నా పక్క సీటులో కూర్చుని మా ఫ్లాట్‌లోనే ఒక గదిలో ఉండిన స్నేహితుడూ గుర్తొచ్చి, ఈ వయసులోనూ ఒళ్ళంతా హుషారెక్కింది.

అతనిది సోవియట్ యూనియన్ విడిపోయాక ఏర్పడిన ఒక చిన్న దేశం. పార్టీలో పెద్ద పదవి వెలగబెట్టిన వాళ్ళ తాతని, పైవాళ్ళకి కోపం వచ్చి ఎవరో తీసుకెళితే మళ్ళీ తిరిగి రాలేదట. అప్పటినుంచీ వాళ్ళింట్లో రాజకీయం మాటే ఎత్తేవారు కారు. అలాంటి ఇంట్లో పుట్టినవాడు, బంగారంలాంటి ఉద్యోగం వదిలేసి, ఇక రాజకీయమే నా వృత్తి, పార్లమెంటుకి పోటీ చేస్తానన్నాడు. వాళ్ళమ్మ ఫోనులో ఏడ్చి మొత్తుకున్నా వినలేదు.

చిక్కల్లా ఓటు అడగడం ఎలాగో అతనికి తెలియకపోవడమే. వాళ్ళ దగ్గర అప్పటిదాకా పేరు పైనుంచి వచ్చేది, జనం వెళ్ళి వేసి వచ్చేవారు. తెనాలి పక్కన మా బాబాయి సర్పంచిగా నిలబడ్డప్పుడు గడపగడపకీ తిరిగినవాణ్ణి కాబట్టి నేను గురువునయ్యాను. ఆదివారాలు అతను బయటినుంచి తలుపు తట్టేవాడు, మా ఆవిడ ఓటరులా తీసేది. మొదటిసారి అతను నిటారుగా నిలబడి ఉపన్యాసం అందుకుంటే ఆవిడ నావైపు తిరిగి, "ఏవండీ, ఈయన ఓటు అడుగుతున్నారా, ఆర్డరేస్తున్నారా?" అంది. అది నేను ఇంగ్లీషులో చెప్పగానే అతనే అందరికంటే గట్టిగా నవ్వాడు. ముందు పిల్లల క్షేమం అడగాలనీ, కుళాయిలో నీళ్ళు రావడంలేదని తిడితే నిలబడి వినాలనీ నేర్పాం. కొన్నాళ్ళకి ఎంత ఆరితేరాడంటే, కాఫీ అమ్మే చైనీస్ ఆంటీని కూడా వదల్లేదు. "మీ కంట్రీలో నాకు ఓటు లేదు లా!" అని ఇక్కడివాళ్ళ యాసలో అంటూ ఆవిడ మురిసిపోయింది.

చివరికి వాళ్ళ దేశం వెళ్ళి పోటీ చేశాడు. ఓట్ల లెక్కింపు రోజున ఇక్కడ నేనూ మా ఆవిడా సెలవు పెట్టి ఫోను పక్కనే కూర్చున్నాం. మోగగానే అందుకున్నాను.

"బ్రదర్, ఓడిపోయాను!" అని అరిచాడు.

ఓదార్చబోతే ఆపేశాడు. "ముందు విను. ఓడిపోయాను, గెలిచినవాడితో చేయి కలిపాను, ఇంటికొచ్చి అమ్మ పెట్టిన సూప్ తాగుతున్నాను. నన్ను తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు!"

వెనకాల వాళ్ళమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. మేమైతే చిన్నపిల్లల్లా గెంతులేశాం.

ఆ తరువాత గెలిచాడు, మళ్ళీ ఓడాడు, ఆ వృత్తిలోనే తల నెరిసి ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్నాడు. ఈ రోజుల్లో ఏ దేశపు ఎన్నికలు చూసినా ఓడినవాడు మోసమంటాడు, గెలిచినవాడు పగబడతాడు. ఓడిపోయానని అంత సంబరంగా చెప్పిన గొంతు మాత్రం నాకు మళ్ళీ ఎక్కడా వినబడలేదు.