ముప్పై ఒకటో తల

దెయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే నేను అడిగే మొదటి ప్రశ్న, షట్టర్ స్పీడ్ ఎంత అని. ఫొటోల్లో పడే తెల్లటి ఆకారాలన్నీ చెయ్యి వణకడం వల్లో, లెన్సు మీద వేలిముద్ర వల్లో వస్తాయని నా గట్టి నమ్మకం. ఇంట్లో వాళ్ళు దిష్టి తీస్తుంటే పక్కన కూర్చుని నవ్వే రకాన్ని. అందుకే ఇది రాయాలంటే నాకే సిగ్గుగా ఉంది.

మాది పోర్ట్ బ్లెయిర్‌లో బతు బస్తీ. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ చేపల వేట చేశాడు. నేను హాడోలో ఒక ఆఫీసులో గుమాస్తాని, సెలవు దొరికితే కెమెరా పట్టుకుంటాను. తీసేది ఎప్పుడూ నేనే కాబట్టి ఇంటి ఫొటోల్లో నేను ఉండను.

ఆమధ్య మా నానమ్మకి గుండె వాల్వు పాడైంది. వైజాగ్‌లో ఆపరేషన్ చేయించాలన్నారు. ఆవిడ ససేమిరా అంది. వారం రోజులు బతిమాలాక ఒక షరతు పెట్టింది.

"మన మందంతా ఒక్క పొటోలో ఉండాల. అది నా సేతికిస్తే ఎల్తాను. ఒక్క తల తగ్గినా నాను కత్తెట్టించుకోను."

ఆవిడకి తలలు లెక్కపెట్టడం పాత అలవాటు. తాత పడవ వేటకి వెళ్ళేటప్పుడు ఒడ్డున నిలబడి ఎక్కినవాళ్ళని లెక్కపెట్టేది. తిరిగొచ్చాక మళ్ళీ లెక్కపెట్టి, రెండూ సరిపోతేనే ఇంటికొచ్చి పొయ్యి వెలిగించేది. పొరపాటున లెక్క తప్పితే ఆ రోజంతా నోట్లో మెతుకు పెట్టేది కాదట.

ముప్పై ఒక్క మందిమి వైజాగ్ ఓడ బయల్దేరే ముందు రోజు పొద్దున్న మా పెరట్లో చేరాం. నానమ్మ నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతోంది కాబట్టి బీచ్‌కి వెళ్ళే మాటే లేదు. పెరడేమో అగ్గిపెట్టెంత. నా దగ్గరున్నది కెమెరాతో పాటు వచ్చిన మామూలు కిట్ లెన్సు. గోడకి వీపు ఆనించి చూసినా అటు నలుగురు, ఇటు నలుగురు బయటే ఉండిపోతున్నారు.

అప్పుడు నా వైడ్ యాంగిల్ కన్వర్టర్ బయటికి తీశాను. లెన్సు ముందు సీసా మూతలా తిప్పి బిగించే పెద్ద గాజు అది. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే ఈ దీవులకి చేరడానికి నెల పట్టింది. దాన్ని పెడితే పెరడంతా ఫ్రేములోకి వచ్చేస్తుంది. కానీ దానికో జబ్బుంది. జూమ్ పూర్తిగా వెనక్కి తిప్పితే మూలలు నల్లబడతాయి. కొంచెం ముందుకి తిప్పితే నలుపు పోతుంది గానీ, అంచుల్లో ఉన్న మొహాలు తడిసిన కాగితం మీది సిరాలా అలుక్కుపోతాయి. అందుకని ఆ చివరా ఈ చివరా మా బావల్ని నిలబెట్టాను. వాళ్ళ మొహాలు కాస్త చెదిరినా నష్టం లేదనుకున్నాను.

నేను నీళ్ళ డ్రమ్ము ఎక్కి, కెమెరా పైకెత్తి పట్టుకున్నాను. టైమర్ పెడదామంటే కెమెరా ఆనించడానికి చోటు లేదు. పక్కింటి భయ్యాని పిలుద్దామని మా బాబాయి అన్నాడు. జూమ్ వెంట్రుకవాసి కదిలినా పాడైపోతుందని నేనే వద్దన్నాను. నా కెమెరా ఇంకొకరి చేతిలో పెట్టడం నాకు నచ్చదు, అసలు సంగతి అది.

"అరే జల్దీ తియ్యరా భాయ్, బారిష్ వచ్చేలా ఉంది!" అని బాబాయి అరిచాడు. వెంటవెంటనే మూడు ఫొటోలు తీశాను.

దిగగానే నానమ్మ అడిగింది. "అందరూ ఉన్నారేట్రా?"

కెమెరా వెనక తెర మీద తలలు ఆవగింజల్లా ఉన్నాయి. "హా, సబ్ ఉన్నారు నానమ్మా" అనేశాను. తీసిన నేను పోగా ముప్పై మందే ఉన్నారని నాకు తెలుసు. చెబితే ఆవిడ ఓడెక్కదనీ తెలుసు.

రెండో ఫొటోలో అందరి కళ్ళూ తెరిచి ఉన్నాయి. సాయంత్రం డెయిరీ ఫార్మ్ అనే పేటలో ఒక స్టూడియోకి వెళ్ళి దాన్నే పెద్ద ప్రింటు వేయించాను. మూలలు ఎలాగూ పాడే కదా అని అటు చూడలేదు. మర్నాడు నానమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని బాబాయితో ఓడెక్కింది.

అప్పటినుంచి నాకు అన్నం సహించలేదు. ఆవిడ ఆపరేషన్ ముందు ఆ తలలు తప్పకుండా లెక్కపెడుతుంది. ఒకటి తగ్గిందని తెలిస్తే మంచం దిగి వచ్చేస్తుంది. వచ్చేస్తే ఎన్నాళ్ళుంటుందో డాక్టరు మాకు ముందే చెప్పాడు.

ఆపరేషన్‌కి ముందు రోజు మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా బాబాయి వీడియో కాల్ చేశాడు. తెర మీద నానమ్మ, చేతిలో ఫొటో.

"లెక్కెట్టేన్రా. ముప్పై ఒకటి. సరిపోనాది" అంది నానమ్మ. "అయితే నువ్వేట్రా, తలుపుకాడ అలా నక్కేవు? ముందుకొచ్చి నిల్సోవచ్చు గదా!"

ముసలి కళ్ళు ఎవర్నో రెండుసార్లు లెక్కపెట్టి, ఒకసారి నేననుకున్నాయని నవ్వుకున్నాను. నానమ్మ కళ్ళకి మనసులోనే దండం పెట్టుకున్నాను. ఇంటికెళ్ళి కంప్యూటర్‌లో ఫొటో తెరిచాను.

ఎడమవైపు అంచున, వంటింటి తలుపు పక్కన నేనున్నాను. అదే గళ్ళ చొక్కా. చేతిలో కెమెరా లేదు. నన్ను ఆనుకుని ఉన్న మా బావ మొహం ఎప్పటిలాగే అలుక్కుపోయింది. నా మొహం మాత్రం మీసం వెంట్రుకలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాను. మొదటి ఫొటోలో, మూడో ఫొటోలో అక్కడ ఖాళీ తలుపు తప్ప ఏమీ లేదు.

అద్దంలో ప్రతిబింబమా అంటే, గడియారం ఎడమ చేతికే ఉంది, చొక్కా జేబు ఎడమ వైపే ఉంది. పైగా తలుపు చెక్కది. ఎవరైనా కలిపారా అంటే, మెమొరీ కార్డులోని అసలు ఫైలులోనూ అంతే. టైమర్ పెట్టి పరిగెత్తావేమో అని ఒక స్నేహితుడు అన్నాడు. డ్రమ్ము మీంచి దూకి ముప్పై మందిని దాటుకుని వెళ్ళేవాణ్ణయితే ఒలింపిక్స్‌లో ఉండేవాణ్ణి. పైగా ఫొటోలో అందరూ తలెత్తి డ్రమ్ము మీదున్న నా వైపే చూస్తున్నారు.

తర్వాత అదే చోట, అదే వేళకి, అదే డ్రమ్ము ఎక్కి నలభై ఫొటోలు తీశాను. తలుపు వచ్చింది, మా పిల్లి వచ్చింది, నేను రాలేదు. చివరికి కన్వర్టర్ లెన్సుకి బిగుసుకుపోయింది. ఎంత తిప్పినా ఊడి రావడం లేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. రెండు నెలలకి నానమ్మ తన కాళ్ళ మీద తను నడుచుకుంటూ ఓడ దిగింది. నాకు ఏడుపాగలేదు. ఇంటికొచ్చాక కూర్చోబెట్టి నా అబద్ధం ఒప్పుకున్నాను. ఆ రోజు తలుపు దగ్గర నేను నిలబడలేదని, డ్రమ్ము మీంచి ఫొటో తీసింది నేనేనని చెప్పాను.

ఆవిడ ఫొటో తెచ్చి తలుపు దగ్గర వేలు పెట్టింది. "ఉన్నావు గదరా. ఇందులో అబద్దమేటుంది?" అని చేపలు కడగడానికి వెళ్ళిపోయింది.

నానమ్మ బతికింది నా అబద్ధాన్ని నమ్మి. ఆ అబద్ధాన్ని నిజం చేసిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు.