పదకొండు జతల జామాయిల్

ఆ రోజుల్లో నా తెలివి మీద నాకున్న నమ్మకం తలచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. దానివల్ల పోయినవి ముందే చెప్పేస్తాను: టేకులపల్లి దగ్గర మా మేనమామ రెండెకరాల చెలకలో రెండు వానాకాలాలు, పదకొండు వందల గుంతలు తవ్విన శ్రమ, ఒక ముళ్లకంచె (అది మేకల ఖాతా, నాది కాదు), 'లెక్కల అల్లుడు' అని నాకున్న పేరు. ఇంకొకటి కూడా పోబోయింది. తోట బాగా వస్తే కూతుర్ని నాకే ఇస్తానని మామ మాటిచ్చాడు.

అప్పుడు నేను సారపాక అవతల ఒక జామాయిల్ నర్సరీలో పనిచేసేవాణ్ణి. మేలైన చెట్టు కొమ్మను చిన్న ముక్కలుగా కోసి, నాటి, వేర్లు రప్పించడం మా పని. అలా వచ్చిన మొక్కలన్నీ ఒకే ఎత్తు, ఒకే లావు. ఎందుకో తెలుసుకుందామని ఒక పాత జీవశాస్త్రం పుస్తకం కొన్నాను. ఒక కణం రెండవుతుంది, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. ప్రతిదీ ముందుదానికి నకలు. పెరగడమంటే అదే. రెట్టింపులంటే నాకు ప్రాణం. ఇరవై రెట్టింపులకు పది లక్షలు దాటుతుందని తేల్చుకుని, ఆనందం పట్టలేక పుస్తకం మూసేశాను. (తర్వాతి పాఠం ప్రత్యుత్పత్తి. అదీ మూతపడింది.)

ఆ ఏడు కొమ్మ మొక్కలకు గిరాకీ పెరిగి, తోట వేద్దామనుకున్న మామ వంతు రాలేదు. నేను ధైర్యం చెప్పి, నర్సరీ గట్టు మీది మంచి చెట్టు కాయలు ఎండబెట్టి, గింజలు రాల్చి, మొక్కలు పెంచి ఇచ్చాను. "తల్లి ఎట్లుంటే పిల్లలు గట్లనే మామా. బడి పిల్లలు లైన్ల నిలబడ్డట్టు ఉంటది నీ తోట" అన్నాను.

రెండో వానాకాలంలో మామ నన్ను చెలక నడుమ నిలబెట్టాడు. ఒక చెట్టు ఇంటి కప్పును దాటింది. పక్కది నా నడుము దగ్గరే ఆగింది. ఒకటి వంకర, ఇంకొకటి మొదట్లోనే రెండు పాయలు.

"ఏంరా అల్లుడా, బడి పిల్లలంటివి. గిదేంది, సంతల జనం లెక్కున్నది!"

వెనక నుంచి ఆయన కూతురు, "బావా, వీటికి పేర్లు గూడ పెట్టినవా, నన్నే పెట్టమంటవా?" అంది.

మామ నవ్వలేదు. "వచ్చే వారం ముదిగొండ సంబంధపోళ్లు వస్తున్నరు. ఇగ నీ ముచ్చట అయిపోయింది" అన్నాడు.

నర్సరీకి పరుగెత్తి మా సూపర్వైజర్ సాబ్‌కు గోడు చెప్పుకున్నాను. ఆయన చాయ్ గ్లాసు దించాడు. "అరే భాయ్, కొమ్మ ముక్క నాటితే ఆ చెట్టే పెరుగుతది, నకలు మీద నకలు. గింజ గట్ల కాదు. దానికోసం కణం సగమైతది. జామాయిల్‌కు పదకొండు జతల క్రోమోజోములుంటయ్, జతకొకటే పంపుతది. సగం తల్లిది, సగం ఏ చెట్టు పుప్పొడిదో. ఏది పోయి ఏది వస్తదో అల్లాకే ఎరుక."

ఇంకొకడైతే తల పట్టుకునేవాడు. నేను గుణించాను. జతకు రెండు దారులు, పదకొండు జతలకు రెండువేల నలభై ఎనిమిది. తల్లివైపు అన్ని, పుప్పొడివైపు అన్ని: రెండూ గుణిస్తే 41,94,304. (జతలు మధ్యలో ముక్కలు కూడా మార్చుకుంటాయట, అది కలిపితే కాగితం చాలదు.) సాయంత్రానికల్లా మామ వాకిట్లో ఉన్నాను.

"మామా, తోట తప్పేం లేదు. గింజకు నలభై రెండు లక్షల తీర్లున్నయ్. అన్నీ ఒక్క తీరుగ వస్తేనే వింత!"

మామ చెలకవైపు చెయ్యి చూపించాడు. "అంటే నా చేన్ల పదకొండొందల తీర్లే దిగినయా? మిగిలినయి ఎప్పుడు చూపిస్తవ్‌రా?"

వాకిట్లో కందులు చెరుగుతున్న ఆయన కూతురు తలెత్తలేదు. "నాయినా, అన్నీ ఒక్క తీరుగుంటే నాకు పొద్దెట్ల పోతది? ముదిగొండోళ్లను రావద్దను."

ఆ ఏడు మామ నవ్వడం అదే మొదటిసారి.

మా పెద్దమ్మాయి పొడుగు, నెమ్మది. చిన్నది పొట్టి, నోరాగదు. మనుషులకు జతలు ఇరవై మూడు, ఆ లెక్క వేరని ఎంత చెప్పినా మామ వినడు. పదకొండు వందలు పోగా నేను చూపించాల్సిన తీర్ల బాకీలోంచే ఇద్దర్నీ తీసేశాడు. ఇప్పటికీ నేను గుమ్మంలో చెప్పులు విడవకముందే, "ఇంకెన్నిరా అల్లుడా?" అని అడుగుతాడు. పుస్తకం సగంలో మూసిన ఆ కుర్రాడి మీద నాకైతే కోపం రాదు. అతనంత ధీమాగానే బదులిస్తాను:

"నలభై ఒక్క లక్షల తొంభై మూడు వేల రెండు వందల రెండు, మామా."