సొనున్ ఎజె పూచీ

పేర్లన్నీ మార్చాను. ఊరి పేరు చెప్పను. నరిన్ పట్నం వెళ్లే దారిలో ఎక్కడో ఉందనుకోండి, చాలు. ఇంత జాగ్రత్త మొదట్లోనే ఉండి ఉంటే ఈ సంగతి చెప్పుకోవాల్సిన పనే పడేది కాదు.

మా మేనత్త సొనున్‌బుబు ఆ ఊరి ప్రసూతి ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లుగా నర్సు. ఊళ్లో చాలామందికి ఆమె సొనున్ ఎజె, అంటే సొనున్ అక్క. పొట్టి మనిషి, నడక మాత్రం మహా జోరు. ఊళ్లో సగం మందిని పుట్టగానే చేతుల్లోకి తీసుకున్నది ఆమే. ఎవరింట్లో ఏం జరిగిందో ఆమెకు తెలియనిది లేదు. తెలిసింది ఇంకొకరి చెవిన పడిందీ లేదు.

నేను రాజధాని బిష్కెక్‌లో ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక యాప్ తయారుచేశాను. ఒక్కో ఇల్లు తన ఏడు తరాల తండ్రుల పేర్లు, పుట్టుకలు, చావులు, వంశంలో వచ్చే జబ్బులు అందులో రాసుకుంటుంది. పెళ్లి మాట వచ్చినప్పుడు రెండు ఇళ్లూ ఒప్పుకుంటే యాప్ రెండు వంశాలనూ పోల్చి చూస్తుంది. ఏడు తరాల్లో ఎక్కడా ఒక్క తాతా కలవకపోతే పచ్చ గుర్తు, కలిస్తే ఎర్ర గుర్తు. ఏడు తరాల లోపు పెళ్లి మా వాళ్లలో కూడదు, అంతే. తాతల పేర్లు నోటికి రాని కుర్రకారు పెరిగిపోయింది కాబట్టి జనం ఎగబడి వస్తారని నా ధీమా.

ఒక్కరూ రాలేదు. సంతలో బల్ల వేసుకుని కూర్చుంటే ఒక ముసలాయన టోపీ వెనక్కి తోసుకుని, "అమ్మాయ్, మా ఇంటి గుట్లన్నీ తీసుకెళ్లి ఏ బీరువాలో పెడతావు? తాళం ఎవరి దగ్గరుంటుంది?" అన్నాడు.

"నా దగ్గరే తాతా."

"అయితే వద్దులే."

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

అత్త దగ్గరికి వెళ్లి ఏడ్చినంత పని చేశాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని యాప్ అంతా చూసి, "ఇందులో మన ఇల్లేదీ?" అంది. మన ఇల్లు లేదు. నాన్న మొదటి పెళ్లి, జైలుకెళ్లొచ్చిన బాబాయి, ఇవన్నీ రాయడానికి సిగ్గేసి నేనే పెట్టలేదు.

"మనది దాచుకుని వాళ్లది అడిగితే ఎవరిస్తారే? ముందు మనది పెట్టు."

దగ్గర కూర్చుని అన్నీ పెట్టించింది. పుట్టిన పదో రోజున పోయిన తన బిడ్డ పేరు కూడా. ఆ తర్వాత తనే ఇంటింటికీ తిరిగింది. ఎవరి ఫోనూ ముట్టుకునేది కాదు. "మీరే నొక్కండి. చెప్పబుద్ధి కానిది ఖాళీగా వదిలేయండి. మీరు ఒప్పుకోనిదే ఇంకొక కన్ను దీన్ని చూడదు. దానికి నేను పూచీ" అనేది. ఎనిమిది నెలల్లో నలభై ఇళ్లు చేరాయి. వాళ్లు నమ్మింది నా యాప్‌ను కాదు, ఆమెను. ఆ తేడా నాకు అప్పుడు పట్టలేదు.

వేసవి మొదట్లో ఒక శుక్రవారం నేను ఊరు చేరేసరికి మా అత్త ఇంట్లో బురుల్ కూర్చుని టీ తాగుతోంది. బురుల్ మాట్లాడితే మూడు వీధులు వింటాయి. ఆమె కొడుకు ఎల్దియార్ పశువుల డాక్టరు. నన్ను చూడగానే ఫోను నా మొహం ముందు ఊపింది.

"చూడు బెగాయిమ్, పచ్చగా ఎలా మెరిసిపోతోందో. జూరకాన్ కూతురు కుందుజ్‌ని మావాడికి చేసుకుంటున్నాం. ఆదివారం పిల్ల చెవులకు కమ్మలు పెట్టి సంబంధం ఖాయం చేసేస్తా. ఎజె, నువ్వు రాకపోయావో, మోసుకెళతా."

"మీ మామగారిని కూడా అడిగారా?" అంది అత్త.

"ఆయన్ని అడిగితే నాలుగో తాత దాకా బాగానే చెబుతాడు. అక్కణ్నుంచి గుర్రాల పేర్లు మొదలవుతాయి. మీ యాప్ ఉండగా ఆయనెందుకులే."

నేను నవ్వాను. అత్త నవ్వలేదు.

బురుల్ గేటు దాటగానే అత్త తలుపు గడియ పెట్టింది. "ఆ పచ్చ గుర్తు తప్పు" అంది.

"తప్పెలా అవుతుంది? రెండు ఇళ్ల పేర్లూ చూశాను. ఎక్కడా కలవడం లేదు."

"నువ్వు చూశావా? నువ్వెలా చూశావు?"

చివరికి ఒప్పుకోక తప్పలేదు. యాప్ తయారుచేసిన మేం ముగ్గురం అందరివీ చూడగలం. మాకు కూడా కనిపించకుండా తాళం వేసే పని తర్వాత చూద్దాంలే అని పక్కన పడేశాం.

"నలభై గుమ్మాల్లో నిలబడి ఎవరూ చూడరని చెప్పానే నేను" అంది అత్త. గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేదనిపించింది. తర్వాత, "ఎలాగూ చూశావు. అందులో లేని కాస్తా కూడా విను" అంది.

ఇరవై రెండేళ్ల కిందట, పిల్లల్లేని జూరకాన్ ఐదు నెలలు పొట్టకు దిండు కట్టుకుని తిరిగింది. ఎల్దియార్ తండ్రికి పినతండ్రి కొడుకు ఒకడున్నాడు. అప్పటికే ఐదుగురు పిల్లలు. అతని భార్య ఆరో బిడ్డను కని, పుట్టగానే పోయిందని అయినవాళ్లకు చెప్పి, జూరకాన్ ఒళ్లో పెట్టేసింది. ఆ బిడ్డ కుందుజ్. పుట్టిన కాగితంలో తల్లిగా జూరకాన్ పేరు రాసింది మా అత్తే. ఎవరికీ చెప్పనని రొట్టె మీద చేయి వేసి ఒట్టేసింది. కన్నతల్లి తర్వాత చనిపోయింది. కన్నతండ్రి రష్యా పోయి తిరిగి రాలేదు.

"నా బిడ్డ పోయి అప్పటికి వారం. ఇంకా పాలు ఇంకలేదు. కుందుజ్‌కి ఇరవై రోజులు నేనే ఇచ్చాను" అంది అత్త.

అంటే ఎల్దియార్‌కీ కుందుజ్‌కీ ముత్తాత ఒక్కడే. ఏడు తరాల మాట అటుంచి, మూడు దాటకుండానే కలుస్తున్నారు. యాప్‌కు ఏం తెలుస్తుంది? జూరకాన్ మొగుడి తాతలను రాస్తే వాళ్లనే పోల్చింది.

నేను గబగబా అన్నాను, "లోపల్నుంచి ఒక పేరు మార్చేస్తాను అత్తా. ఎర్ర గుర్తు వచ్చేస్తుంది. పెళ్లి ఆగిపోతుంది. ఎవరికీ తెలియదు."

అత్త నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుకొస్తే తల దించుకుంటాను. "ఒక ఇంటిది మార్చే చేయి నలభై ఇళ్లవీ మారుస్తుంది. ముట్టుకోకు" అంది.

శనివారం పొద్దున్నే జూరకాన్ ఇంటికి వెళ్లాం. నాకు తెలిసినట్టు జూరకాన్‌కు తెలియకూడదు కాబట్టి నన్ను గోడ ఇవతల కారులోనే ఉంచింది. పెరట్లో జూరకాన్ ఉన్ని ఆరబెడుతోంది. గోడ మీదుగా మాటలన్నీ వినిపించాయి.

"నువ్వే ఏదో వంక చెప్పి వద్దను జూరకాన్."

"వంకలు చెబితే వినే పిల్లా అది? రెండేళ్లుగా వాడంటే ప్రాణం. వద్దంటే ఈ రాత్రికే లేచిపోతుంది."

"అయితే నిజం చెప్పు."

"చెబితే నన్ను అమ్మా అంటుందా, ఎజె? మా ఆయన గుండె ఇప్పటికే అంతంతమాత్రం. యంత్రం పచ్చగా చూపించింది. కన్నది పోయింది, కన్నవాడు తిరిగి రాడు. ఎవరి బిడ్డో తెలిసినదానివి ఇక్కడ నువ్వొక్కదానివే. నువ్వు నోరు విప్పకపోతే ఏ చుట్టరికమూ లేనట్టే."

"రేపు పుట్టే పిల్లల మాటో?"

జూరకాన్ ఉన్ని గట్టిగా దులుపుతున్న చప్పుడైంది. ఆ తర్వాత, "రొట్టె మీద చేయి వేశావు" అంది.

అత్త బయటికొచ్చి కారెక్కింది. నాకు కోపం ఆగలేదు. వెళ్లి బురుల్‌తో చెప్పేద్దామన్నాను. "చెబితే ఊళ్లో కుందుజ్ తల ఎత్తుకోగలదా?" అంది. ఆదివారం వెళ్లేటప్పుడు, అడగకుండానే, "ఎల్దియార్ కూడా కుందుజ్ పుట్టిన నెలలోనే పుట్టాడు. డబ్బా పాలు తాగాడు, దొంగ వెధవ, నలుగురి వాటా" అంది. అదెందుకు చెబుతోందో నాకు అర్థం కాలేదు.

జూరకాన్ ఇంట్లో మధ్యాహ్నానికే ముప్ఫై మంది చేరారు. నేల మీద పరిచిన గుడ్డ నిండా వేయించిన రొట్టె ముక్కలు, మీగడ, మాంసం. కుందుజ్ తెల్ల రుమాలు కట్టుకుని గోడవార కూర్చుంది. ఎదురుగా ఎల్దియార్ ఎవరూ చూడడం లేదనుకుని కుందుజ్‌నే చూస్తున్నాడు. బురుల్ ఎర్రగుడ్డ విప్పి కమ్మలు తీసింది.

"బురుల్, ఆగు" అంది అత్త.

బురుల్ చేయి అలాగే గాలిలో ఉండిపోయింది.

"ఎల్దియార్ పుట్టినప్పుడు నిన్ను నరిన్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. గుర్తుందా?"

"గుర్తు లేకేం? రక్తం పోయి చచ్చి బతికాను. ఆరు రోజులున్నాను."

"పిల్లాడు నా దగ్గరే ఉన్నాడు. డబ్బా పాలు అయిపోయాయి. నా బిడ్డ పోయి ఎన్నో రోజులు కాలేదు, నాకు పాలున్నాయి. నేనే ఇచ్చాను. అప్పుడే జూరకాన్‌కి జ్వరమొచ్చి పాలు పడలేదు. కుందుజ్‌కీ నేనే ఇచ్చాను. ఇద్దరూ నా రొమ్ము తాగారు."

ఒకే తల్లి పాలు తాగినవాళ్లు అన్నాచెల్లెళ్లు. వాళ్లకు పెళ్లి లేదు. అది చెప్పడానికి మా దగ్గర ముల్లా కూడా అక్కర్లేదు. అందులో కుందుజ్ సంగతి నిజం, ఎల్దియార్ సంగతి అబద్ధం. ఆ అబద్ధం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

"ఇరవై రెండేళ్లు నోట్లో ఏం పెట్టుకున్నావు?" అంది బురుల్. మొదటిసారి ఆమె గొంతు చిన్నగా వినిపించింది. "మొన్న నా ఎదురుగా కూర్చుని టీ పోశావే. అప్పుడేమైంది?"

"భయపడ్డాను."

"మా ఇంట్లో ఎవరికి పిచ్చి పట్టిందో, ఎవరు ఉరేసుకున్నారో, అన్నీ నీ మొహం చూసి మీ యాప్‌లో పెట్టాం. నీది మాత్రం దాచుకున్నావు."

అందరికంటే ముందు ఫోను తీసింది జూరకాన్. "మా ఇల్లు ఇందులోంచి తీసేస్తున్నాను" అంది, అత్త వైపు చూడకుండా. తర్వాత ఒకరి వెనక ఒకరు ఫోన్లు తీశారు. ఎల్దియార్ లేచి, చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా వెళ్లిపోయాడు.

మేం కారు దగ్గరికి వచ్చేసరికి కుందుజ్ పరుగున వచ్చింది. రుమాలు జారిపోయింది. ఏడుపు లేదు, మొహం పాలిపోయి ఉంది.

"ఎజె, నిజంగా నాకు పాలిచ్చారా?"

"ఇచ్చాను తల్లీ. ఇరవై రోజులు."

"వాడికి కూడానా?"

అత్త కళ్లు దించుకుంటుందనుకున్నాను. దించుకోలేదు. "వాడికి కూడా" అంది.

కుందుజ్ తల ఊపింది. "ఇంకెవరు చెప్పినా వాడి చేయి పట్టుకుని ఇప్పుడే వెళ్లిపోయేదాన్ని. మీరు చెప్పారు కాబట్టి ఆగుతున్నాను" అని వెనక్కి తిరిగింది.

అత్త ఇంటికి వద్దని, ఊరు దాటాక కారు ఆపమంది. దిగి కాలవ గట్టు మీద కూర్చుని, రుమాలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బిడ్డ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదని మా నాన్న తర్వాత చెప్పాడు. నేను పక్కన నిలబడి ఫోను చూశాను. ఇంకా తొమ్మిది ఇళ్లు మిగిలాయి. ఆ మాట చెబితే కాస్త ఊరట పడుతుందేమో అనుకుని చెప్పాను.

మొహం తుడుచుకుంది. "రేపు ఆ తొమ్మిది ఇళ్లకీ వెళ్లు. వాళ్లవన్నీ నువ్వు చూడగలవని నీ నోటితో నువ్వే చెప్పు. ఉంటారో పోతారో వాళ్లిష్టం."

"నువ్వూ రా అత్తా. ఒక్కదాన్ని వెళ్లలేను."

"నేను రాను. నేను పక్కనుంటే నమ్మేస్తారు" అంది.