ఫట్‌ఫటికి పెట్టిన వేడి మీటరు

ఆ రోజుల్లో భయాలకు కొదవ లేదు గానీ, అన్నీ కళ్ళెదుటికి వచ్చేవే. అడవిలో పులి, వాగులో వరద, కచ్చేరీలో జవాను. ఎదురుపడ్డప్పుడు గజగజ వణికి, అవి దాటిపోగానే ఇంటికొచ్చి ఇంత అన్నం తినేవాళ్ళం. ఇంకా రాని భయాన్ని ముందుగానే అంకెల్లో చూపించే యంత్రం ఒకటుందని నాకు మా బావ పుణ్యాన తెలిసింది.

బావ ఖానాపూర్ వైపు కాలువ పనుల మీద ఓవర్సియరు. నేను మంథనిలో మెట్రిక్ గట్టెక్కి, అక్క ఇంట్లో ఉంటూ, ఆయన వెంట కొలత టేపు రెండో కొస పట్టుకు తిరిగే ఉద్యోగంలో ఉన్నాను (మొదటి కొస పట్టుకునేంత అనుభవం ఇంకా రాలేదు). ఆయనకొక మోటారు సైకిలు ఉండేది. మిలిట్రీ వాళ్ళ హర్రాజులో కొన్నది, పక్కన మనిషి కూర్చునే తొట్టి ఉన్నది. ఊరంతా దాన్ని ఫట్‌ఫటి అనేవారు. లారీ ఇంజను నీళ్ళతో చల్లబడుతుంది గానీ ఈ బండికి ఆ నీళ్ళు లేవు, లోపల తిరిగే నూనే దాన్ని చల్లబరుస్తుందని బావ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ నూనె ఒకసారి ఎండాకాలంలో బాగా కాగి, ఘాట్ ఎక్కుతుండగా పిస్టన్ బిగుసుకుపోయింది. బండి అక్కడే ఆగింది. బావ మాత్రం ఆగకుండా ఎదురుగా ఉన్న పరిక్కంపలోకి పోయాడు. అక్క పిన్నీసుతో ముళ్ళు తీస్తూ, "తమ్మీ, గా బండి మనకద్దని మీ బావకు చెప్పు" అన్నది. బావ పక్కనే బోర్లా పడుకుని ఉన్నాడు. అయినా పదిమందిలో మొగుడితో నేరుగా మాట్లాడటం అక్కకు అలవాటు లేదు. ఆమె మాటలన్నీ నా మీదుగానే వెళ్ళేవి.

బండి అమ్మడానికి బావకు మనసొప్పలేదు. దానికి బదులు, తుక్కు కింద పడి ఉన్న ఒక పాత లారీ నుంచి వేడి చూపే మీటరును ఊడబీకి తెచ్చాడు. గుండ్రటి అద్దం, లోపల అంకెలు, ఒక ముల్లు, చివర్లో ఎర్రగీత. దాని వెనక సన్నటి రాగి గొట్టం, గొట్టం కొసకు వేలెడంత రాగి బుడ్డి. ఆ బుడ్డి నూనెలో మునిగి ఉంటే వేడి ఎంతో ముల్లు చెబుతుందట. సీటు కింది నూనె డబ్బా అడుగున ఉన్న బిరడాకు బెజ్జం వేసి, బుడ్డిని అందులో దూర్చి, కంచరి చేత మాటు వేయించాం. నూనె కారింది. మళ్ళీ వేయించాం. మళ్ళీ కారింది. చివరికి రాగి వాషరు వేసి బిగిస్తే నిలిచింది. ఇక గొట్టం చూస్తే బారెడు పొడవు, తెగ్గోస్తే మీటరు చచ్చిపోతుంది. అందుకని దాన్ని మెల్లగా వంచుతూ తొట్టి ముందు చెక్క దాకా లాగి, అక్కడే మీటరు బిగించాం. అంటే నడిపేవాడికి అది కనబడదు, తొట్టిలో కూర్చున్నవాడే చదివి చెప్పాలి. ఆ కొలువు నాకు దక్కింది.

"గీ ఎర్రగీత దాటితే ఏమైతది బావా?" అని అడిగాను.

"పిస్టన్ పట్టేస్తది. చక్రం ఆగుతది. మనం ఆగం" అన్నాడు బావ.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. రోజూ తొట్టిలో కూర్చుని, ఆ ముల్లును పాము పడగను చూసినట్టు చూస్తూ, అంకెలు అరిచేవాణ్ణి. ఎర్రగీత చాలా దూరంలో ఉండగానే నా గొంతు మారిపోయేది. బావ బండి ఆపేవాడు. చల్లబడ్డాక మళ్ళీ కదిలేవాళ్ళం.

ఇలా ఉండగా, ఒక ఎండాకాలం పొద్దున అక్కకు నెలలు నిండకముందే నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని కడుపు తడిమి చూసి, బయటికొచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. "బిడ్డ అడ్డం తిరిగింది. నాతోని కాదు. నిర్మల్ దవాఖానకు తీస్కపోండ్రి, జెల్ది." బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. ఎడ్లబండి మీద పోతే చీకటి పడుతుంది. బావ నా వైపు చూశాడు, నేను ఫట్‌ఫటి వైపు చూశాను. తొట్టిలో బొంతలు పరిచి అక్కను కూర్చోబెట్టాం. నేను వెనక సీటెక్కి, పక్కకు వంగి, ఆమె మోకాళ్ళ ముందున్న మీటరును చదవడం మొదలుపెట్టాను.

అడవి మొదలయ్యింది. ఆకు రాలిన టేకు చెట్లు, నిప్పులాంటి గాలి. రాయి తగిలినప్పుడల్లా అక్క పళ్ళ బిగువున "అవ్వా" అనేది. ఘాట్ దగ్గర ముల్లు పైకి లేచింది.

"బామ్మర్దీ, ముల్లు ఏడున్నది?"

"ఎర్రగీత కాడికి వస్తున్నది బావా!"

"ఇప్పుడు?"

"గీత మీదనే ఉన్నది!"

బావ వేగం తగ్గించాడు. ఆపితే అడవి మధ్యలో అక్కను ఏం చేయాలి? ఆపకపోతే ముగ్గురం లోయలో ఏమైపోతాం? ఆయన ఒకసారి లోయ వైపు, ఒకసారి అక్క వైపు చూశాడు. బండి దాదాపు ఆగింది.

అప్పుడు అక్క తలెత్తి, నా మీదుగా కాకుండా, సూటిగా ఆయనతోనే అన్నది. "ఓ మనిషీ! బండి ఆపినవంటే నేను గీడనే సస్త. నడుపు!"

బావ బిత్తరపోయి బండి ఉరికించాడు. అక్క కొంగు తీసి మీటరు మీద కప్పి, దాన్ని రెండు చేతులా అదిమి పట్టుకున్నది. "నువ్వు నోర్మూసుకో తమ్మీ. అదే సూస్కుంటది" అన్నది. అంకె కనబడకపోతే భయం పోతుందనుకుంటాం. నా మటుకు నాకు దాని హద్దు మాత్రమే పోయింది. గుడ్డ కింద ముల్లు గిర్రున తిరుగుతున్నట్టే ఉన్నది. ఇదిగో ఇప్పుడు పట్టేస్తుంది, ఇదిగో ఇప్పుడు ఎగిరిపోతాం అనుకుంటూ, తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచి, పేర్లు అయిపోతే మళ్ళీ మొదటి నుంచి పిలిచాను.

నిర్మల్ దవాఖాన వరండాలో నర్సమ్మ మా ఇద్దరినీ చూసి, "గీ ఇద్దర్ల బిడ్డ తండ్రెవరు?" అని అడిగింది. బావ లోపలి తలుపు వైపే చూస్తున్నాడు. నేను ఆయన్ను చూపిద్దామంటే నా వేళ్ళు తెరుచుకోలేదు. సీటు అంచును పట్టుకున్న పట్టు అలాగే ఉండిపోయింది. లోపల తలుపు మూసుకున్నది. ఆ తర్వాతి సమయాన్ని నేను వర్ణించలేను. అక్క అరుపు వినిపిస్తే భయం, వినిపించకపోతే ఇంకా భయం. మధ్యాహ్నం వాలుతుండగా సన్నగా ఒక ఏడుపు వినిపించింది. నర్సమ్మ తలుపు తీసి, "ఆడిపిల్ల. తల్లి మంచిగనే ఉన్నది. ఫికర్ జెయ్యకుండ్రి" అన్నది.

ఎదురుగా హోటలుంటే బావను ఛాయ్‌కి తీసుకుపోయాను. అక్కడ మూకుట్లో మిర్చి బజ్జీలు వేగుతున్నాయి. బావ గ్లాసు పట్టుకుని ఆ నూనెనే చూస్తూ ఉండిపోయాడు. ఉన్నట్టుండి అన్నాడు. "అరె, గా ఎర్రగీత లారీది గదరా! నీళ్ళు మసిలే కాడ గీసిన గీత. నూనె గంతకన్న ఎక్కువనే కాగుతది. గా గీత కాడ మన నూనెకు ఏం కాదు!"

ఇన్నాళ్ళూ నేను అరిచిన అరుపులన్నీ నీళ్ళ పాలయ్యాయన్నమాట. ఇద్దరం నవ్వాం. కడుపు పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా, హోటలాయన అనుమానంగా చూసేలా నవ్వాం.

అక్కను దవాఖానలో ఉంచి, బట్టలూ సామానూ తేవడానికి మరునాడు ఇద్దరమే ఊరికి బయలుదేరాం. నేను తొట్టిలో, మీటరు నా ముందు. ఘాట్ ఎక్కుతుంటే ముల్లు ఎర్రగీతకు చేరింది. దానికి అర్థం లేదని ఇద్దరికీ తెలుసు. అయినా రెండు చేతులా తొట్టి అంచు పట్టుకున్నాను. నేనేమీ అరవలేదు. బావ కూడా ఏమీ అడగలేదు. కాసేపటికి తనంతట తానే బండిని చెట్టు కిందికి తిప్పి ఆపాడు.

"ఏమైంది బావా?"

"ఏం కాలే. జర సల్లబడనీ."

ఇప్పుడు ఆ దారిన బస్సులో వెళ్ళినప్పుడల్లా ఘాట్ దగ్గర కిటికీలోంచి చూస్తాను. చల్లారాల్సిన పనిలేని బండి పక్కన, పులి ఎటునుంచి వస్తుందోనని ఒకరి వీపుకు ఒకరు ఆనుకుని, చల్లారడం కోసం కూర్చున్న ఆ ఇద్దరు మగవాళ్ళూ నాకు కనిపిస్తారు. వాళ్ళలో చిన్నవాడికి మీసాలు ఇంకా సరిగ్గా రాలేదు. బస్సు దిగిపోయి, వాడి పక్కన కాసేపు కూర్చుందామనిపిస్తుంది.